శత్రువుల బిడ్డలు

రేడియోలో వార్తలు చదువు మాకు సంఖ్యలతో నిత్యపరిచయము. ఎక్కడనో వరద వచ్చినది, ఇన్ని వేలమంది నిరాశ్రయులైరి అని చదువుదుము. మఱియొకచోట యుద్ధము రేగినది, ఇన్ని లక్షలమంది వలసపోయిరి అని చదువుదుము. మీరు విందురు, అయ్యో అందురు, ఆ వెనుక సంగీతము మొదలగును. ఇందులో మీ తప్పు గాని మా తప్పు గాని లేదు. సంఖ్యకు ముఖము లేదు. లక్ష అను మాటకు కన్నులు లేవు, కన్నీరు లేదు. కాని ఆ లక్షలో ఒక్క బిడ్డను తెచ్చి మన గుమ్మములో నిలిపినచో మనము ముద్ద నోట పెట్టుకొనలేము.

ఈ చిన్న సత్యమును గ్రహించి, దానిని పట్టుకొని ప్రపంచమును కదలించిన ఒక స్త్రీ కథను ఈ వ్యాసమున చెప్పదలచినాము. ఆమె పేరు ఎగ్లంటైన్ జెబ్. ఆంగ్లేయ వనిత. ఆమె రాణి కాదు, మంత్రిణి కాదు, వైద్యురాలును కాదు. అంతకంటె వింత యేమనగా, ఆమెకు పిల్లలనిన ప్రత్యేకమైన మక్కువ కూడ ఉండెడిది కాదు. ఐనను నేడు ప్రపంచమున ఏ దేశమందైనను “బాలల హక్కులు” అను మాట వినబడినచో, ఆ మాట పుట్టుకలో ఆమె చేయి ఉన్నదని చరిత్రకారులు అంగీకరింతురు.

కుమారి జెబ్ 1876 ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున ఎల్స్‌మియర్ అను ఊరిలో, కలిగిన కుటుంబమున జన్మించినది. తల్లి గ్రామీణులకు చేతిపనులు నేర్పు ఉద్యమమునకు పాదు వేసిన ఇల్లాలు. ఆడపిల్లలకు పెద్ద చదువులేల అను మాట ఆ దేశమున కూడ గట్టిగా వినబడుచున్న కాలమది. అట్టి కాలమున ఆమె ఆక్స్‌ఫర్డులోని లేడీ మార్గరెట్ హాలున చేరి చరిత్ర చదివినది. పరీక్షలు వ్రాసినది గాని పట్టము పుచ్చుకొనలేదు. ఏలయన స్త్రీలకు పట్టములిచ్చు ఆచారము ఆ విశ్వవిద్యాలయమున 1920వరకు లేదు.

చదువు ముగిసిన పిదప బీదల బిడ్డలకు పాఠములు చెప్పవలెనని ఆమె ఉపాధ్యాయశిక్షణ పొంది, మార్ల్‌బరో పట్టణమున ఒక ప్రాథమిక పాఠశాలలో చేరినది. రెండేండ్లు కూడ నిలువలేదు. ఆరోగ్యము చెడినది. మనస్సును కుదరలేదు. తనకు పిల్లలయందు సహజమైన ప్రీతి లేదనియు, తాను ఈ పనికి తగననియు ఆమె దాపరికము లేకుండ ఒప్పుకొన్నది. ఈ విషయము మఱుగుపరుపవలసినది కాదు. ఆమె జీవితమునకంతకు ఇదియే తాళపుచెవి యని మాకు తోచుచున్నది. తరువాత ఆమె చేసిన పని బిడ్డలపై ముద్దుచేత చేసినది కాదు; న్యాయముపై పట్టుచేత చేసినది.

ఆ పిమ్మట ఆమె తల్లితో కూడ కేంబ్రిడ్జిలో నివసించుచు, దాతృత్వ సంస్థలలో పనిచేసినది. ఆ పట్టణమున బీదలెక్కడ నున్నారు, ఎట్లున్నారు, వారికెవరు ఏ సహాయము చేయుచున్నారు అను సంగతులు విచారించి 1906లో ఒక గ్రంథము ప్రకటించినది. జాలి యొక్కటియే చాలదు, లెక్కయును పత్రమును కావలెను అను పాఠము ఆమె అక్కడ నేర్చినది. 1913లో బాల్కను యుద్ధముల వలన చెదరిన ప్రజలకు సహాయము చేయుటకై మాసిడోనియా వెళ్లినది. ఇండ్లు గాలి, ఊళ్లు విడిచి, తిండి లేక తిరుగు శరణార్థులను అచ్చట కన్నులార చూచినది. ఏ పక్షము గెలిచినను ఓడినను ఆకలి మాత్రము రెండు పక్షముల బిడ్డలకును ఒక్కటే యని ఆమెకు తెలిసివచ్చినది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. యుద్ధకాలమున ప్రతి దేశమును శత్రువును రాక్షసునిగా చూపుకొనుట పరిపాటి. అప్పుడు జెబ్ చెల్లెలు డోరతీ బక్స్‌టన్ ఒక సాహసము చేసినది. ప్రభుత్వపు అనుమతి సంపాదించి, శత్రుదేశముల పత్రికలను తెప్పించి, అందలి విశేషములను ఇంగ్లీషులోనికి అనువదింపించి, కేంబ్రిడ్జి మ్యాగజైన్ అను పత్రికలో వారము వారము ప్రకటించినది. అక్కగారును ఆ అనువాదకార్యమున పాల్గొన్నది. శత్రుదేశమున కూడ తల్లులు కలరు, రొట్టెకై బారులు తీరుచున్నారు, వారి బిడ్డలు కృశించిపోవుచున్నారు అను సంగతి ఆ పుటలవలన కొందరికైనను తెలిసినది.

1918 నవంబరు 11న తుపాకులు ఆగినవి. కాని ఆకలి ఆగలేదు. బ్రిటనును దాని మిత్రరాజ్యములును జర్మనీ, ఆస్ట్రియాలపై విధించిన సముద్రదిగ్బంధము యుద్ధవిరమణ తరువాత కూడ సాగినది. సంధిపత్రముపై ఓడినవారిచే సంతకము చేయించుటకు అదియొక సాధనమని పాలకులు తలచిరి. 1919 జూలైలో గాని జర్మనీపై ఆ పట్టు పూర్తిగా సడలలేదు. ఈ మధ్యకాలమున వియన్నా వంటి మహానగరమున పసివారికి పాలు కరవైనవి. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయి, నడువవలసిన వయస్సున నడువలేని బిడ్డలతో ఆసుపత్రులు నిండినవి. యుద్ధము ప్రకటించినది ఆ బిడ్డలు కాదు. ఓడినదియును వారు కాదు. శిక్ష మాత్రము వారికి పడినది.

అక్కచెల్లెండ్రు ఇరువురును ఊరకుండలేకపోయిరి. 1919 ఆరంభమున క్షామనివారణ సంఘమను పేర ఒక మండలి ఏర్పడగా, అందు వారు చేరి, దిగ్బంధమును ఎత్తివేయవలెనని ప్రచారము సాగించిరి. ఆ వసంతమున కుమారి జెబ్ లండను నగరములోని ట్రఫాల్గర్ కూడలిలో నిలిచి కరపత్రములు పంచినది. ఆ కరపత్రముమీద ఒక ఆస్ట్రియా బిడ్డ ఛాయాచిత్రము. తల పెద్దది, ఒడలు పుల్ల. ఈ స్థితికి మన దిగ్బంధమే కారణమని దాని క్రింద వ్రాసియున్నది.

ఆ కరపత్రమునకు ప్రభుత్వ పరిశీలకుల అనుమతి లేదు. రాజ్యరక్షణ శాసనము క్రింద ఆమెను పట్టుకొనిరి. 1919 మే నెల మధ్యలో లండను మేయరు నివాసమగు మాన్షన్ హౌసులోని న్యాయస్థానమున విచారణ జరిగినది. ఆమె న్యాయవాదిని పెట్టుకొనక తన వాదము తానే వినిపించినది. శాసనము చూడగా ఆమె చేసినది తప్పే. కావున న్యాయాధికారి ఐదు పౌనుల జరిమానా విధించినాడు. చెరసాల సంభవింపవచ్చునని భయపడిన మిత్రులకది గెలుపువలెనే తోచినది. తరువాత జరిగినది మఱింత చిత్రము. ఆమెకు శిక్ష వేయవలెనని వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ తానే ఐదు పౌనులు తీసి ఆమె చేతిలో పెట్టినాడట. ఆ ధనమును ఆమె జరిమానా క్రింద కట్టక, బిడ్డలకొఱకు పెట్టబోవు నిధికి తొలి విరాళముగా జమకట్టినదని చెప్పుదురు. శాసనము తన పని తాను చేసినది. శాసనము వెనుక నున్న మనుష్యుడు తన పని తాను చేసినాడు.

ఆ నెల 19వ తేదీన రాయల్ ఆల్బర్ట్ హాలులో బహిరంగసభ జరిగినది. సభామందిరము క్రిక్కిరిసినది. వచ్చినవారందరును అభిమానముతో రాలేదు. శత్రువుల సంతానమునకు అన్నము పెట్టమనుచున్న ఈ దేశద్రోహులకు బుద్ధిచెప్పవలెనని కుళ్లిన పండ్లు పట్టుకొని వచ్చినవారును కలరు. ఆ సభవారిలో ఎందరి ఇండ్లలో కొడుకులు, అన్నదమ్ములు యుద్ధమున కూలిరో మనము తలచుకొనవలెను. వారి కోపమును తేలికగా చూడరాదు. కుమారి జెబ్ లేచినది. మొదట గొంతు సన్నగా వణకినది. క్రమముగా నిలిచినది. పసిబిడ్డలు ఆకలితో చచ్చుచుండగా చూచుచు కూర్చుండుట మనుష్యుల లక్షణము కాదని ఆమె చెప్పినది. తెచ్చిన పండ్లు చేతులలోనే ఉండిపోయినవి. ఆ దినముననే “సేవ్ ది చిల్డ్రన్ ఫండ్”, అనగా బాలరక్షణ నిధి, ఆవిర్భవించినది. మొదట కొన్ని నెలలు పనిచేసి మూసివేయదగిన చిన్న నిధిగా దానిని తలపెట్టిరి. అది శతాబ్దము దాటి నేటికిని పనిచేయుచున్నది.

“ఇంట గెలిచి రచ్చ గెలువుము” అని మన పెద్దలనిరి. ఆమె ముందునకు వచ్చిన గొప్ప ఆక్షేపణ సరిగా ఇదియే. మన దేశమందే ఆకలిగొన్న బిడ్డలుండగా పరదేశపు బిడ్డలేల? పత్రికలు వ్రాసినవి, వేదికలపై అడిగిరి. ఇంటి బిడ్డలను ఆమె మరువలేదు. నిధినుండి ఇంగ్లండులోని బీదపిల్లలకును కొంత సహాయము చేరినది. కాని ఆమె సమాధానము వేరు. ఆకలికి సరిహద్దు లేనప్పుడు అన్నమునకు సరిహద్దు ఉండరాదు. ఏ బిడ్డకు అవసరము ఎక్కువయో ఆ బిడ్డ ముందు. ఈ ఒక్క సూత్రమును ఆమె బ్రతికినన్నినాళ్లు విడువలేదు.

అడగనిదే అమ్మయైనను పెట్టదు. ఆమె అందరినీ అడిగినది. తాను ప్రొటెస్టంటు క్రైస్తవురాలై యుండియు, రోములోని పోపునకు విన్నపము పంపినది. పోపు పదునైదవ బెనెడిక్టు 1919 నవంబరు 24న లేఖ విడుదలచేసి, ఆ డిసెంబరు 28న కాథలిక్కు దేవాలయములన్నిటను మధ్య యూరపు బిడ్డలకై విరాళములు పట్టవలెనని ఆదేశించినాడు. ఒక పరమతమువారి సంస్థతో రోము చేయికలుపుట ఆనాడు అపూర్వము. 1920 జనవరి 6న జెనీవా నగరమున అంతర్జాతీయ బాలరక్షణ సమాజము స్థాపితమైనది. అంతర్జాతీయ రెడ్‌క్రాసు సంఘము దానికి అండగా నిలిచినది. గెలిచినవారును, ఓడినవారును, తటస్థులును ఒక్క బల్లచుట్టు కూర్చుండిరి.

మఱుసటి సంవత్సరమే పెద్ద పరీక్ష వచ్చినది. 1921లో రష్యాలో వోల్గానదీ ప్రాంతమున ఘోరక్షామము పుట్టినది. అనావృష్టియును, అంతర్యుద్ధమును, రైతులనుండి బలవంతపు ధాన్యసేకరణయును మూడును కలిసి తెచ్చిన క్షామమది. అక్కడి బోల్షెవిక్ ప్రభుత్వమనిన బ్రిటనులో ఎందరికో ద్వేషము. ఈసారి కూడ బిడ్డల తండ్రుల రాజకీయము బిడ్డల కంచములకు అడ్డువచ్చినది. జెబ్ లక్ష్యపెట్టలేదు. టార్సెల్లో అను ఓడలో 600 టన్నుల ఆహారమును మందులను పంపిరి. సరాటోవ్ ప్రాంతమున వంటశాలలు వెలసినవి. లక్షలాది పిల్లలకు వానిలో అన్నము దొరకినది.

ఈ సందర్భమున ఆమె అవలంబించిన పద్ధతులు ఆనాటి దాతృత్వ సంస్థలకు క్రొత్తవి. పత్రికలలో నిండుపుట ప్రకటనలు వేయించినది. క్షామదృశ్యములను చలనచిత్రముగా తీయించి ఊరూర చూపించినది. సబ్బులు అమ్ము వ్యాపారులవలె దయను అమ్ముచున్నదని కొందరు విమర్శించిరి. ఒక్క రూపాయి ప్రకటనపై పెట్టి పది రూపాయల అన్నము తేగలిగినచో ఆ రూపాయి వ్యర్థము కాదని ఆమె వాదము సారాంశము. ఆకలిగొన్న బిడ్డ చిత్రమును బజారున పెట్టుట ఆ బిడ్డ గౌరవమునకు భంగము కాదా అను ప్రశ్న మాత్రము ఆనాటినుండి నేటివరకును సజీవముగనే ఉన్నది. మేమును ఆ ప్రశ్నకు అతీతులము కాము. మైకు ముందు ఒక దుఃఖితుని గొంతు వినిపించునప్పుడెల్ల, ఇది అతని మేలుకొఱకా, మన కార్యక్రమపు రక్తికొఱకా అని మమ్ము మేము అడుగుకొనవలసినదే.

ఇంతవరకు జరిగినది గొప్ప సేవయే. కాని ఆమె ఇక్కడ నిలిచియున్నచో చరిత్రలో మఱియొక దయామయిగా మాత్రమే మిగిలియుండెడిది. ఒక క్షామమునుండి మఱియొక క్షామమునకు పరుగెత్తుట, చేతులు కాలిన పిదప ఆకులు వెదకుట, ఎన్నాళ్లు? ప్రతి పర్యాయమును దాతల గుమ్మములో నిలిచి బిడ్డల బ్రతుకును యాచింపవలసినదేనా? జెనీవా ప్రక్కన సలేవ్ అను కొండ కలదు. ఆమె ఆ కొండలలో ఒంటరిగా తిరుగుచు ఈ ప్రశ్నను మథించినదని చెప్పుదురు. ఆ మథనమునుండి వెలువడినది ఒక చిన్న పత్రము. అందున్నవి ఐదే సూత్రములు.

వాని తాత్పర్యమును మా మాటలలో చెప్పుదుము. బిడ్డ శరీరమునను ఆత్మయందును సక్రమముగా ఎదుగుటకు కావలసిన సాధనములు కల్పింపవలెను. ఆకలిగొన్న బిడ్డకు అన్నము, రోగికి చికిత్స, వెనుకబడినవానికి చేయూత, దారితప్పినవానికి దిద్దుబాటు, అనాథకు ఆశ్రయము లభింపవలెను. ఆపద వచ్చినప్పుడు సహాయము మొట్టమొదట బిడ్డకే అందవలెను. బిడ్డ జీవనోపాధి సంపాదించుకొనుటకు అర్హుడు కావలెను. ఏ విధమైన దోపిడికిని గురి కారాదు. తన శక్తులను తోడిమానవుల సేవకై వినియోగింపవలెనను భావముతో బిడ్డ పెరుగవలెను. జాతి, జాతీయత, మతము అను భేదములు ఇందేవియు లెక్కకు రావు. ఐదవ సూత్రము గమనింపదగినది. బిడ్డ పుచ్చుకొనుటకు మాత్రమే పుట్టినవాడు కాడు. రేపు ఇచ్చువాడును అతడే.

1923లో అంతర్జాతీయ బాలరక్షణ సమాజము ఈ ప్రకటనమును ఆమోదించినది. ఆ సంవత్సరముననే పారిస్ నగరములోని ఈఫిల్ గోపురమునుండి రేడియో దీనిని ప్రసారము చేసినది. అప్పటికి రేడియోయును పసిబిడ్డయే. ఆ పసిబిడ్డ గొంతున లోకములోని పసిబిడ్డల మాట వినబడినదని తలచినప్పుడు, ఈ వృత్తిలో నున్న మాకు కొంచెము గర్వము కలుగుట సహజము. 1924 సెప్టెంబరులో నానాజాతి సమితి మహాసభ ఆ పత్రమును స్వీకరించినది. జెనీవా ప్రకటనమని దానికి పేరు వచ్చినది.

ఇందలి విశేషమును తెలుగువారికి తెలుపుటకు ఒక్క మాట చాలును. మన భాషలో “ధర్మము” అను శబ్దమునకు రెండు అర్థములున్నవి. వీధిలో బిచ్చగాడు “ధర్మము చేయండి బాబూ” అనును. అక్కడ ధర్మమనగా దానము, ఇచ్చువాని దయ. పెద్దలు “అది నీ ధర్మము” అందురు. అక్కడ ధర్మమనగా విధి, తప్పించుకొనరాని బాధ్యత. మొదటి దానిలో ఇచ్చినవాడు పుణ్యాత్ముడు; ఈయనివాడు దోషి కాడు. రెండవ దానిలో ఈయనివాడు దోషియే. ఎగ్లంటైన్ జెబ్ చేసినదెల్ల బిడ్డల విషయమును మొదటి అర్థమునుండి రెండవ అర్థమునకు జరుపుట. పిల్లలపై ముద్దు ఉన్నవారికే పిల్లల రక్షణను అప్పగించినచో, ముద్దు లేనివారు తప్పుకొనిపోవుదురు. తనకే ఆ ముద్దు అంతగా లేదని ఎరిగిన స్త్రీ గనుకనే, ముద్దుపై ఆధారపడని కట్టడి ఒకటి కావలెనని ఆమెకు తోచినదేమో యని మా ఊహ.

ఆ పత్రమునకు శాసనబలము లేదు. దానిని మీరిన రాజ్యమును శిక్షించు న్యాయస్థానము లేదు. ఆమె చాలకాలముగా గళగ్రంథి వ్యాధితో బాధపడుచుండెను. 1928 డిసెంబరు 17న జెనీవాలో 52 ఏండ్ల వయస్సున కన్నుమూసినది. యూరపు వెలుపలి బిడ్డలను కూడ ఈ ఉద్యమము అక్కున చేర్చుకొనవలెనను ఆలోచనకు ఫలముగా 1931లో జెనీవాలో ఆఫ్రికా బాలలను గూర్చిన సమావేశము జరిగినది; దానిని చూచుటకు ఆమె లేదు. తరువాత ఎనిమిదేండ్లకు రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, ఐదు సూత్రములను ఐదింటిని కాలరాచినది. పదిలక్షలకు మించిన యూదుల బిడ్డలు ఆ యుద్ధకాలమున హతులైరి. కాగితము బిడ్డను కాపాడదు అనువారికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఐనను కాగితము చావలేదు. 1959 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆ ఐదు సూత్రములను పెంచి పది సూత్రముల ప్రకటనము గావించినది. సరిగా ముప్పదేండ్లకు, 1989 నవంబరు 20న, బాలల హక్కుల ఒడంబడిక వెలువడినది. ఇది వట్టి ప్రకటనము కాదు. అంగీకరించిన రాజ్యములను కట్టిపడవేయు ఒప్పందము. ఇందు 54 అధికరణములున్నవి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశములలో అమెరికా సంయుక్త రాష్ట్రములు ఒక్కటి తప్ప తక్కినవన్నియు దీనికి కట్టుబడినవి. భారతదేశము 1992 డిసెంబరు 11న ఇందు చేరినది. ఆ ఒడంబడికను పురస్కరించుకొని మన పార్లమెంటు 2005లో శాసనము చేయగా, 2007లో జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘము ఏర్పడినది. దానికి ప్రథమాధ్యక్షురాలు తెలుగింటి ఆడపడుచు శాంతా సిన్హా గారు. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే అను సూత్రముతో, రంగారెడ్డి జిల్లా పల్లెలలో వెట్టిచాకిరిలోని పిల్లలను బడికి మరలించిన ఉద్యమమునకు ఆమె సారథ్యము వహించినారు. లండను కూడలిలో వేసిన విత్తనము మన పొలములదాక ఎట్లు వచ్చినదో చూచితిరిగదా.

కుమారి జెబ్ సమాధిని 2024లో జెనీవా నగరపు ప్రముఖుల శ్మశానవాటికకు గౌరవపూర్వకముగా మార్చిరి. కాని ఆమెకు నిజమైన స్మారకము రాతిలో లేదు. ఎక్కడ యుద్ధము జరిగినను, ఎవరిది తప్పు ఎవరిది ఒప్పు అను వాదము ముగియకముందే, బిడ్డల మాటేమి అని ఎవరో ఒకరు అడుగుచున్నారే, ఆ ప్రశ్నయే ఆమెకు స్మారకము. 1919లో ఆ ప్రశ్న అడిగినందుకు జరిమానా పడినది. నేడు ఆ ప్రశ్న అడుగుట నేరము కాదు. దానికి సమాధానము చెప్పకుండుటయే నేరము.

రేపు మరల మేము వార్తలు చదువుదుము. మరల సంఖ్యలు వచ్చును. ఆ సంఖ్య పలుకునప్పుడు మేమొక్క క్షణము ఆగుదుము; మీరును ఆగి, ఆ సంఖ్యలోని ఒక్క బిడ్డ ముఖమును తలచుకొనుడు. అది మన బిడ్డయా, పరుల బిడ్డయా అని మాత్రము అడుగకుడు.